వానాకాలంలో ఒంటరిగా బరంపురం: గుళ్ళు, బజార్లు చూడదలచినవారికి

ఒడిశాలోని బరంపురం చూడడానికి ఆంధ్ర వైపు నుంచి వచ్చేవారిలో ఎక్కువమంది పొద్దున్నే దిగి, గోపాల్‌పూర్ సముద్రం చూసి, తారాతారిణి కొండెక్కి, ఒక పట్టుచీర కొనుక్కుని రాత్రి బండికి వెళ్ళిపోతారు. చలికాలంలో ఆ పద్ధతి ఎలాగో సాగుతుంది గానీ జూన్ మధ్య నుంచి అక్టోబరు దాకా సాగదు. ఈ నెలల్లో బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టిందంటే రెండు మూడు రోజుల పాటు ముసురు విడవదు. అది లేని రోజుల్లో కూడా మధ్యాహ్నం దాటాక మబ్బు కమ్మి కుండపోతగా కురవడం మామూలే. కాబట్టి ఈ కాలంలో వచ్చేవారికి నేను చెప్పే ప్రధానమైన సంగతి ఒక్కటే: చూడవలసిన వాటి జాబితాను పక్కన పెట్టి, వాన ఇచ్చే తెరిపిని బట్టి రోజును నడుపుకోండి. ఉదయం గుళ్ళకు, మధ్యాహ్నం పైకప్పు ఉన్న దుకాణాలకు కేటాయించి, కొండను, నదిని, సముద్రాన్ని మాత్రం ఆకాశం తేటపడిన పూటకు వదిలెయ్యండి.

ఒంటరిగా రావడంలో ఉన్న వెసులుబాటు ఇక్కడే తెలుస్తుంది. నలుగురు కలిసి వస్తే ఒకరు గుడికంటారు, ఇంకొకరు టీ అంటారు, ఈలోగా తెరిపి కాస్తా పోతుంది. ఒక్కరే ఉన్నప్పుడు ఎవరినీ ఒప్పించే పని లేదు.

బరంపురం హౌరా–చెన్నై ప్రధాన రైలుమార్గం మీద, ఇచ్ఛాపురం దాటాక సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో ఉంది. విశాఖపట్నం మీదుగా వచ్చే ఎక్స్‌ప్రెస్ బండ్లు చాలావరకు ఇక్కడ ఆగుతాయి. వీలైతే పగలు దిగేలా టికెట్ తీసుకోండి. వానాకాలపు రాత్రి, కరెంటు పోయిన వీధిలో, తడిసిన సామానుతో లాడ్జి వెతుక్కోవడం ఒంటరి మనిషికి అనవసరమైన ప్రయాస. గది కుదుర్చుకునేటప్పుడు అద్దె కంటే ముందు అడగవలసిన ప్రశ్న, పెద్ద వాన పడితే ఎదురుగా ఉన్న రోడ్డు మీద నీళ్ళు నిలుస్తాయా అని. కింది అంతస్తు గది వద్దనండి. బట్టలు ఆరేసుకోవడానికి తీగో, కనీసం బాగా తిరిగే ఫ్యానో ఉన్నదా చూసుకోండి. స్టేషను, గేట్ బజారు, గిరి రోడ్డు పరిసరాల్లో బస దొరికితే పాత పట్టణానికి ఆటోలో ఇట్టే చేరుకోవచ్చు.

భాష గురించి బెంగ అక్కరలేదు. బరంపురం ఉన్న గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. రాష్ట్రపతిగా పనిచేసిన వి.వి. గిరి 1894లో ఈ ఊళ్ళోనే ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. ఇక్కడి పట్టునేతకు పేరు తెచ్చిన దేవాంగులు ఆంధ్ర ప్రాంతం నుంచి తరలివచ్చినవారు. కోర్టుపేట, కొమాపల్లి లాంటి పేర్లు విన్నప్పుడే ఆ సంగతి తెలిసిపోతుంది. పాత పట్టణపు వీధుల్లో తెలుగులో అడిగిన ప్రశ్నకు తెలుగులోనే జవాబు రావడం సర్వసాధారణం. అయినా ఇది ఒడియా ఊరన్న మర్యాద మరవకూడదు. ఎదుటివారికి మన భాష వచ్చి తీరుతుందన్నట్లు గబగబా మాట్లాడేయకుండా, ముందు ‘తెలుగు వచ్చాండీ?’ అని అడగండి. రాదంటే హిందీ ఉండనే ఉంది. దుకాణదారుణ్ణి ‘భాయినా’ అని, పెద్ద వయసు ఆడవారిని ‘మౌసీ’ అని పిలిచి, ధర అడగడానికి ‘కేతే?’ అన్న ఒక్క మాట నేర్చుకుంటే బజారులో సగం పని జరిగిపోతుంది. బోర్డులు మాత్రం ఎక్కువగా ఒడియా లిపిలో ఉంటాయి. అందుకని బస చేసిన చోటి పేరు, వీధి పేరు ఒక కాగితం మీద ఒడియాలో రాయించుకుని జేబులో ఉంచుకోవడం మంచిది. తడిసి ఫోను ఆగిపోయిన రోజున ఆ కాగితమే మిమ్మల్ని గదికి చేరుస్తుంది.

వెంట తెచ్చుకోవలసినవి తక్కువే. బజారుకు గొడుగు, కొండకు రెయిన్‌కోటు కావాలి. గాలివానలో మెట్ల మీద గొడుగు పట్టుకుని నడవడం ప్రమాదం. బూట్లు అసలు వద్దు. రోజుకు పదిసార్లు విప్పి వేసుకోవలసి వస్తుంది కనుక, మడమ వెనుక పట్టీ ఉండి, చిటికెలో ఊడదీయగల రబ్బరు చెప్పులే ఈ ఊరి వానకు సరైనవి. జీన్సు ఒకసారి తడిస్తే రెండు రోజులు ఆరదు. పల్చని నూలు బట్టలు తెచ్చుకోండి. ఫోనుకు ప్లాస్టిక్ సంచి, చిన్న టార్చి, చేతిరుమాలు కాకుండా కాళ్ళు తుడుచుకోవడానికి ఒక పాత తువ్వాలు ఉండాలి. ఫోన్‌పే, గూగుల్ పే అన్నిచోట్లా నడుస్తాయి గానీ, కరెంటు, సిగ్నలు రెండూ పోయే వానలో పది, ఇరవై రూపాయల నోట్లే అక్కరకొస్తాయి.

గుళ్ళు

మొదటి ఉదయం బుఢీ ఠాకురాణి గుడితో మొదలుపెట్టండి. ఆమె ఈ ఊరి గ్రామదేవత. రెండేళ్ళకొకసారి ఎండాకాలంలో జరిగే ఠాకురాణి యాత్రలో అమ్మవారు దేవాంగుల కులపెద్ద అయిన దేశీబెహెరా ఇల్లున్న వీధికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులా తరలివస్తుంది. సుమారు నెల రోజుల పాటు ఊరంతా ఆ వీధి చుట్టూనే తిరుగుతుంది. వానాకాలంలో వచ్చేవారికి ఆ సందడి దొరకదు గానీ, గుడిని నింపాదిగా చూసే అవకాశం దొరుకుతుంది. తెల్లవారిన కొద్దిసేపటికే వెళ్ళండి. మంగళవారం అమ్మవారి వారం కాబట్టి రద్దీ తప్పదు. గుంపులో నిలబడడం ఇష్టం లేనివారు ఆ రోజు మానుకోవాలి. బయట ఎర్రమందారాల దండలు, కొబ్బరికాయలు అమ్ముతారు. కొబ్బరికాయను ఇక్కడ నడియా అంటారు. దండ కొన్న దుకాణంలోనే చెప్పులు, గొడుగు వదిలి వెళ్ళడం వాడుక. కానీ చెప్పులను అరుగు కింద కాకుండా పైన పెట్టండి, ఎందుకంటే వాన వచ్చినప్పుడు మొదట నీళ్ళు పారేది ఆ అరుగు కిందే.

తడిసిన రాతి గచ్చు మీద నూనె, పసుపు, కొబ్బరినీళ్ళు కలిస్తే ఎంతటివారి కాలైనా జారుతుంది. గడప దగ్గర తువ్వాలుతో అరికాళ్ళు తుడుచుకుని, అడుగు నిండుగా ఆనించి నడవండి. ఫొటో తీయవచ్చా అని గుడిలో ఉన్నవారిని అడిగి తీరాలి. గర్భగుడి వైపు మాత్రం అడగకుండానే ఫోను దించేయాలి. పూజారి గోత్రం, పేరు అడుగుతారు. మీరు ఇవ్వదలచిన దక్షిణ ముందే చేతిలో విడిగా పట్టుకుంటే, అక్కడ నిలబడి పర్సు తీసి వెతుక్కునే ఇబ్బందీ, దాన్ని చూసి ఎక్కువ అడిగే అవకాశమూ రెండూ ఉండవు. ఈ ఊరి గుళ్ళు చాలావరకు మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరుస్తారు. పన్నెండు గంటలకు వాన వెలిసిందని గుడికి బయలుదేరితే మూసిన తలుపులే కనబడతాయి.

వానాకాలపు పండుగలను బట్టి కూడా ప్రణాళిక మారుతుంది. ఆషాఢ శుద్ధ విదియనాటి రథయాత్రకు పూరీకి పోలేనివారు ఇక్కడి జగన్నాథ ఆలయాల రథాలను చూడవచ్చు. జనం ఉంటారు గానీ పూరీలో లాగా ఊపిరాడని జనం కాదు. శివాలయాలకు వెళ్ళేవారు మాత్రం పంచాంగం విషయంలో జాగ్రత్తపడాలి. మనం అమావాస్యతో నెల ముగిస్తాం. ఒడియావారు పున్నమితో ముగిస్తారు. అందువల్ల వారి శ్రావణం మన శ్రావణం కంటే సుమారు పదిహేను రోజులు ముందే వచ్చేస్తుంది. మన క్యాలెండరులో ఇంకా ఆషాఢమే కదా, గుడి ఖాళీగా ఉంటుందనుకుని సోమవారం నాడు వెళితే, కాషాయ బట్టలు కట్టి, కావడితో నీళ్ళు మోసుకుంటూ ‘బోల్ బం’ అనుకుంటూ నడిచే భక్తుల బారు ఎదురవుతుంది. ఆ బారును చూడడమే ఒక అనుభవం అనుకునేవారు వెళ్ళండి. ప్రశాంతంగా దర్శనం కావాలంటే మంగళవారమో బుధవారమో శివుడి దగ్గరకు వెళ్ళండి.

ముసురు పట్టిన రోజున పాత పట్టణంలో తిరగడం విసుగనిపిస్తే, జాతీయ రహదారి మీద ఇచ్ఛాపురం వైపు ఉన్న మంత్రిడి సిద్ధభైరవి ఆలయానికి పోవచ్చు. ఇది సుమారు 18 కిలోమీటర్ల దూరం. కొండ ఎక్కనక్కరలేదు, ఆవరణలో చిన్న చిన్న గుళ్ళు చాలా ఉన్నాయి కాబట్టి వాన పడుతూ ఆగుతూ ఉన్నా ఒక పంచ నుంచి మరో పంచలోకి జరుగుతూ చూడవచ్చు.

వీధుల్లో నడక

పాత వీధుల్లో కాలువలు రోడ్డుకు ఆనుకునే ఉంటాయి. నీళ్ళు నిలిచాక రోడ్డేదో కాలువేదో కనబడదు. పైన వేసిన రాతిపలక ఎక్కడ విరిగి ఉన్నదో ఆ వీధివారికే తెలుసు. కొత్తవారు తాము ముందు నడవకుండా, ఆ వీధి మనిషి ఎవరైనా నడిచే దాకా ఆగి, వారు అడుగు వేసిన చోటే వేయడం ఉత్తమం. కరెంటు స్తంభాన్నీ, దాని పక్కన ఉన్న ఇనుప తడికనూ ముట్టుకోవద్దు. కాలికి పుండో, చెప్పు ఒరుసుకున్న గాయమో ఉంటే నిలిచిన నీటిలో దిగకండి; ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం గాయాల ద్వారా ఒంట్లోకి చేరుతుంది. తప్పనిసరిగా దిగవలసి వస్తే గదికి రాగానే సబ్బుతో కడుక్కోవాలి. ఆటో ఎక్కే ముందే బేరం తేల్చుకోండి. వానలో కొంత ఎక్కువ అడగడం న్యాయమేనని నా అభిప్రాయం. ఆ మనిషి కూడా తడుస్తూనే బండి నడుపుతున్నాడు.

బజారు

బడా బజారులో వాన మొదలైనప్పుడు పరుగెత్తి గదికి పోవడం అనవసరం. దగ్గరున్న చీరల దుకాణంలోకి నడవండి. తడి చెప్పులు మెట్టు దగ్గర విప్పి, చేతులు పూర్తిగా ఆరేదాకా తుడుచుకుని పరుపు మీద కూర్చోండి. తడి చేత్తో పట్టును ముట్టుకుంటే మరక పడుతుంది, దుకాణదారుడి మొహం కూడా మారుతుంది.

బరంపురం పట్టుచీరకు, మగవారి పట్టు జోడుకు (పంచె, ఉత్తరీయం) ‘బరంపురం పట్టా’ పేరుతో భౌగోళిక గుర్తింపు ఉంది. దీన్ని పోల్చుకోవడానికి ముందు అంచు చూడాలి. గుడి శిఖరాల్లా మొనదేలిన కుంభాలు వరుసగా ఒంటిలోకి చొచ్చుకుని ఉండడం, అంచు రంగు, ఒంటి రంగు వేరువేరుగా ఉండడం దీని తీరు. మనకు అలవాటైన ధర్మవరం, కంచి పట్టులాగా జరీ దట్టంగా ఉండదు. జరీ తక్కువగా ఉన్నందుకు చిన్నచూపు చూడకండి. కట్టుకున్నప్పుడు తేలికగా, ఒంటికి అతుక్కున్నట్లు ఉండడం దీని సుగుణం. చీరను తిరగేసి వెనక వైపు కుంభాల మొనలను దగ్గరగా చూడండి. చేత్తో నేసినదైతే ఒక మొనకూ ఇంకో మొనకూ వెంట్రుకవాసి తేడా కనిపిస్తుంది, అక్కడక్కడా దారపు కొసలు తగులుతాయి. అన్నీ అచ్చు గుద్దినట్లు ఒకేలా ఉంటే మరమగ్గమేమోనని అనుమానించాలి.

ట్యూబులైటు కింద రంగు చూసి నిర్ణయించుకోవద్దు. చీరను వాకిలి దాకా తీసుకొచ్చి చూపమని అడగండి. ఈ విషయంలో వానాకాలమే మేలు: ఎండ మిరుమిట్లు లేని మబ్బు వెలుతురులో వంకాయ రంగుకూ ముదురు ఎరుపుకూ మధ్య తేడా ఉన్నదున్నట్లు తెలుస్తుంది. పట్టు అసలుదా కాదా అన్న సందేహం ఉంటే, కొంగు కుచ్చులోని ఒక పోగు తీసి కాల్చి చూపమనడం తప్పేమీ కాదు. అసలు పట్టు వెంట్రుక కాలిన కంపు కొట్టి, నలిపితే పొడి అయ్యే బూడిద మిగులుస్తుంది. కృత్రిమ దారం కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది. అసలు పట్టు అని తెలిపే సిల్క్ మార్క్ చీటీ ఉన్నదా చూడండి. ధర ఎంత ఉండవచ్చో ముందుగా ఒక అంచనా కావాలంటే, ఒడిశా రాష్ట్ర చేనేత సహకార సంస్థ అయిన బొయనికా దుకాణంలో ఒకటి రెండు చీరల ధరలు చూసి వచ్చి, ఆ తర్వాత బజారులో బేరమాడండి. ఆ అంచనా లేకుండా బేరానికి దిగినవారు సగానికి అడగాలో, పదో వంతు తగ్గించమనాలో తెలియక తికమకపడతారు.

మగ్గం చూడాలన్న కోరిక చాలామందికి ఉంటుంది. దుకాణంలో కొన్నా కొనకపోయినా అడిగితే చాలాచోట్ల దారి చెబుతారు. కానీ ఈ కాలంలో ఆశ మరీ పెట్టుకోకండి. గుంటమగ్గంలోకి నీరు ఊరుతుంది, వీధిలో పడుగు సాచడానికి ఎండ ఉండదు. పని ఆగి ఉన్న ఇంటికి వెళ్ళి ఫొటోల కోసం మగ్గం ఆడించమనడం బాగుండదు.

పట్టు తర్వాత ఈ కాలంలో చూడదగినది మొగలిపువ్వు. గంజాం తీరప్రాంతంలో మొగలి పొదలు విస్తారంగా ఉన్నాయి. జూలై నుంచి సెప్టెంబరు దాకా పూలు ఎక్కువగా దిగుతాయి, వాటిని డేగీలనే పెద్ద రాగి పాత్రలలో వండి అత్తరు, కేవ్‌డా నీరు (మొగలి నీరు) తీస్తారు. అసలు అత్తరు చాలా ఖరీదు. కొద్ది రూపాయలకే చిన్న సీసా అమ్ముతున్నారంటే అది అత్తరు కాదని తెలుసుకోండి. మిఠాయిల్లో వేసుకోవడానికి కేవ్‌డా నీరు కొనుక్కుంటే చాలు. పువ్వు వాసన ఎంత బాగున్నా శివుడికి మాత్రం తీసుకెళ్ళకండి, మొగలిపువ్వు ఆయన పూజకు పనికిరాదన్నది మనవారికి తెలిసిన సంగతే.

బరంపురం అప్పడాలు, ఊరగాయలు ఒడిశా అంతటా పేరుపడ్డవి. వానాకాలంలో అప్పడం కొనేటప్పుడు ఒక్కటి విరిచి చూపించమనండి. ఫట్‌మని విరిగితే ఎండలో ఆరినది. తోలులా వంగితే తేమ పట్టినది, వారం తిరక్కుండా బూజు వస్తుంది. ఊరగాయ సీసాలో ముక్క మునిగేలా పైన నూనె తేలుతూ ఉండాలి.

తిండి విషయంలో మనవారికి ఇబ్బంది ఉండదు. పొద్దున్నే ఇడ్లీ, ఉప్మా, వడలు దొరుకుతాయి. వడను ఇక్కడ బరా అంటారు, దాంతో ఘుగుని అనే బఠానీల కూర వడ్డిస్తారు. పెనం మీంచో నూనెలోంచో కళ్ళెదుట తీసినదే తినండి. సాయంత్రం బండ్ల మీద గుప్‌చుప్ (మన పానీపూరి) ఎంత నోరూరించినా, ఆ పుల్లనీళ్ళు ఎక్కడివో తెలియని వానరోజుల్లో దాని జోలికి పోవద్దు.

కొండ, శాసనం, సముద్రం

ఆకాశం తేటగా ఉన్న పూట తారాతారిణికి బయలుదేరవచ్చు. నగరానికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, పురుషోత్తంపూర్ దగ్గర, ఋషికుల్యా నది ఒడ్డున కొండ మీద ఉన్న శక్తిపీఠమిది. ఎక్కడానికి 999 మెట్లు, వాహనాల దారి, రోప్‌వే మూడూ ఉన్నాయి. వాన పడ్డ మర్నాడు మెట్లు ఎక్కడం కష్టం కాదు, దిగడమే కష్టం. కాబట్టి దిగేటప్పుడు వాహనాన్నో, గాలి లేకపోతే రోప్‌వేనో ఎంచుకోండి. పై నుంచి నిండుగా పారే ఋషికుల్యను చూడడం ఈ కాలంలోనే సాధ్యం. అదే దారిలో జౌగడ దగ్గర అశోకుడి శిలాశాసనం ఉంది. కళింగ యుద్ధాన్ని చెప్పే పదమూడవ శాసనాన్ని ఇక్కడా, భువనేశ్వర్ దగ్గరి ధౌలిలోనూ చెక్కించకుండా, దాని స్థానంలో కళింగ అధికారులకు ఉద్దేశించిన వేరే శాసనాలు చెక్కించాడన్న సంగతి తెలిసి చూస్తే ఆ బండ మరోలా కనిపిస్తుంది. దారి బురదగా ఉంటుంది, అంతే.

బయలుదేరే ముందు వాతావరణ శాఖ గంజాం జిల్లాకు ఇచ్చిన హెచ్చరిక చూసుకోవాలి. నారింజ రంగు ఉంటే కొండ మానేయండి, ఎరుపు ఉంటే గది దాటకండి. పిడుగుల కోసం ‘దామిని’ యాప్ పెట్టుకోవచ్చు. మెరుపు కనబడి 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే వెంటనే పక్కా కట్టడంలోకి పోవాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటకు రాకూడదు.

గోపాల్‌పూర్ సుమారు 16 కిలోమీటర్లు. ఈ కాలంలో ఆ సముద్రంలో కాలు తడుపుకోవడం కూడా ఒడ్డున ఉన్న మత్స్యకారులను అడిగే చేయాలి. వారిలో తెలుగు మాట్లాడేవారు చాలామంది కాబట్టి అడగడం తేలికే. వాళ్ళు పడవలు పైకి లాగి పెట్టుకున్న రోజున నీటి దగ్గరకే పోవద్దు. అక్టోబరులో వచ్చేవారు తుపాను సంగతి మరీ జాగ్రత్తగా చూసుకోవాలి: 2013 అక్టోబరు 12న ఫైలిన్ తీరం దాటింది ఈ గోపాల్‌పూర్ దగ్గరే.

ఎక్కడికి వెళ్తున్నదీ, ఎప్పటికి తిరిగి వస్తున్నదీ ప్రతి పూటా ఇంట్లో ఒకరికి, లాడ్జిలో ఒకరికి చెప్పి బయలుదేరండి. చీకటి పడ్డాక వాన పడుతుంటే నడక మాని ఆటో ఎక్కండి. అత్యవసరానికి 112, మహిళలకు 181, రైల్లో ఉన్నప్పుడు 139 పనిచేస్తాయి.

తిరుగు ప్రయాణానికి సర్దుకునేటప్పుడు ఊరగాయ సీసాను ప్లాస్టిక్ కవరులో కట్టి నిలువుగా అడుగున, అప్పడాలను అన్నిటికంటే పైన పెట్టండి. చీరను దుకాణంవారిచ్చిన ప్లాస్టిక్ కవరులోంచి తీసి నూలు గుడ్డలో చుట్టండి. ఇల్లు చేరిన రోజే దాన్ని నీడలో గాలికి ఆరవేసి, మడత మార్చి బీరువాలో పెట్టండి. మడతలో తేమ నిలిస్తే ఉన్న కాస్త జరీ నల్లబడుతుంది.